డాక్టర్ అంకుల్ ఆపమన్న మాత్ర

అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లలో వ్రతమైనా పుట్టినరోజైనా, ధర్మారావు వచ్చి కూర్చున్న సోఫా పక్కన కాసేపటికే చిన్న క్యూ తయారయ్యేది. ఒకరు ఫోన్‌లో షుగర్ రిపోర్టు చూపిస్తారు, ఇంకొకరు పిల్లవాడి దగ్గు సంగతి ఎత్తుతారు. గుంటూరులో చదివి 1970ల్లో ఇక్కడికొచ్చిన ఆయన, రిటైరయ్యేదాకా మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్ బయటి జబ్బుల గురించి ఆయనకు తెలిసింది తక్కువే. అయినా అందరూ "డాక్టర్ అంకుల్" అని పిలిచాక, తెలీదు అన్న మాట ఆయన నోటికి అలవాటు తప్పింది.

అడిగేవాళ్లను అనడానికేం లేదు. ఈ దేశంలో డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు జబ్బు ముదురుతుంది. దొరికినా, వాచీ చూసుకుంటూ మాట్లాడే మనిషిని ఏం అడుగుతాం? నళిని లాంటివాళ్లది మరీ అన్యాయం. ఆమెది భర్త విశాల్ వీసాకు వేలాడే వీసా, ఉద్యోగం చేయకూడదు. ఇన్సూరెన్సు అతని కంపెనీది. క్లినిక్‌కి ఫోన్ చేసేది అతను, లోపల మాట్లాడేదీ అతనే. తన ఒంటి గురించి ఒక ప్రశ్న అడగాలన్నా ఆమె వేరే దారి వెతుక్కోవాలి.

2011 శ్రావణంలో ధర్మారావు ఇంట్లోనే వ్రతం జరిగినప్పుడు ఆమెకు ఆ దారి కనబడింది.

నళినికి కీళ్లవాతం. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. కొన్ని వారాలకోసారి నరంలోకి ఎక్కించే కొత్త రకం మందు మొదలుపెట్టాక వాపులు తగ్గాయి. ఆ రోజు ధర్మారావు భార్య శారద పూరీలు వేయిస్తుంటే, నళిని పక్కన నిలబడి చకచకా వత్తి ఇస్తోంది. ధర్మారావు వంటింట్లోనే ప్లేటు ముందేసుకుని కూర్చున్నాడు.

"అంకుల్, చిన్న డౌట్. డ్రిప్‌తోపాటు వారానికోసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ ఇచ్చారు. వేసుకున్న మర్నాడంతా వాంతులే. జుట్టు చూడండి, ఎలుక తోకైపోయింది."

"మీ డాక్టర్ని అడగకపోయావా అమ్మా?"

"విశాల్‌కి చెప్పా. ఇచ్చింది వేసుకో, ఎక్కువ ఆలోచించకు అన్నాడు."

ధర్మారావు పూరీ తుంచుకుంటూ నవ్వాడు. "ఏనుగుని ఎక్కించుకుంటూ మళ్లీ దోమతో పనేంటి? అసలు మందు నరంలోకి వెళ్తోందిగా. అది ఆపేయ్."

"షూర్ కదా అంకుల్?"

"నేను చెప్తున్నాగా."

ఆమె ముఖం విప్పారింది. ఇంకో రెండు పూరీలు ఆయన ప్లేట్లో వేసింది.

చలికాలంలో, నళినికి ఒంట్లో బాగాలేదని తెలిసి, శారద చారు చేసి పట్టుకుని ఆయనతో కలిసి వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. తలుపు తీసిన విశాల్ ఇంకా కోపంలోనే ఉన్నాడు.

"డ్రిప్ స్టార్ట్ చేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు అంకుల్. ఊపిరాడలేదు. నర్సులు పరిగెత్తుకొచ్చి ఆపేశారు. టెస్ట్ చేస్తే, ఈవిడ బాడీ ఆ మందునే శత్రువనుకుని యాంటీబాడీస్ తయారు చేసిందట. ఆ టాబ్లెట్ వాడుంటే ఆ ఛాన్స్ బాగా తగ్గేదట. ఈ మహాతల్లి ఎవర్నీ అడక్కుండా మానేసింది. ఇంకో మందు ఇవ్వడానికి డాక్టర్ వెనకాడుతోంది. చెప్పినట్టు వాడని పేషెంట్‌ని ఎలా నమ్మను, అంటోంది."

నళిని ధర్మారావు వైపు చూడలేదు.

"కాఫీ పెట్టనా అంకుల్?" అంటూ లేచి, వేళ్లు వంగక, పాలగిన్నెను రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తింది.

ఆపమన్నది తనేనని ధర్మారావు అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. "రెస్ట్ తీసుకోమ్మా" అన్న మాటే బయటికొచ్చింది.

కారెక్కాక శారద అంది. "ఏనుగు, దోమ అన్నారు. నేను పక్కనే ఉన్నాను."

"మా రోజుల్లో ఈ మందులే లేవు శారదా. నాకెలా తెలుస్తుంది?"

"ఆ ముక్క ఆ రోజే అనాల్సింది. మీ డాక్టరీ ఎవరూ లాక్కోరుగా."

థియేటర్లో సీసా మీది చీటీ చదవకుండా ఒక్క మందైనా సిరంజిలోకి లాగని మనిషి ఆయన. వంటింట్లో మాత్రం, మాత్ర ఎందుకిచ్చారో కనుక్కోకుండానే తీర్పు చెప్పేశాడు. మర్నాడు నళినికి ఫోన్ చేశాడు.

"నా పేరెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే విశాల్ మీ ఇంటికి పంపడు అంకుల్. నాకు వెళ్లడానికి ఉన్నది ఆ ఒక్క ఇల్లేగా."

ఆమె తిట్టి ఉంటే ఆయనకు ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ఆమెనడిగి తనూ వెళ్లాడు. ఆ కీళ్ల డాక్టరుది ఆయన కూతురి వయసు. మాత్ర ఆపమన్నది తనేనని, విశాల్ వింటుండగానే ఆమెకు చెప్పాడు.

"ఆ మాత్ర ఎందుకో మీకు తెలుసా?" అందామె.

"తెలీదు."

"మరి ఎందుకు ఆపమన్నారు?"

"అడిగింది కాబట్టి." ఆ జవాబు ఎంత సిగ్గుమాలినదో తన చెవికే వినబడింది.

డాక్టర్ నళిని వైపు తిరిగింది. "వాంతులవుతున్నాయని నాకు చెప్పలేదేం?"

నళిని విశాల్ వైపు చూసింది. డాక్టర్ ఆ చూపు గమనించి, ఇకనుంచి తనే మాట్లాడాలని నళినితో అంది. వాంతులు తగ్గేలా అదే మందును ఇంజెక్షన్‌గా ఇస్తానంది. దాంతోపాటు వేరే డ్రిప్ రాసింది. ఇది పనిచేయొచ్చు, చేయకపోవచ్చు అని కూడా చెప్పింది. డాక్టర్ మొదట్లోనే నళినిని ఇలా అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని ధర్మారావుకు తోచింది. కానీ అది అనే అర్హత తనకెక్కడిది?

పార్కింగ్‌లో విశాల్ ఆగాడు. "మా ఇంట్లో కూర్చుని విన్నారు అంకుల్. నేను తనని తిడుతుంటే, వింటూ కూర్చున్నారు."

ఆ మాటన్నాక విశాల్ భార్య ముఖంలోకి చూడలేక కారు తాళం వెతుక్కున్నాడు.

కొత్త డ్రిప్ రోజుకి విశాల్‌కి లీవ్ దొరకలేదు. నళినే ఫోన్ చేసింది. "ఇంకో ఏనుగుని ఎక్కించుకోవాలి. మీరే డ్రైవ్ చేయండి."

జన్మంతా డ్రిప్పులు చూసిన మనిషి, ఆ కుర్చీ పక్కన కుదురుగా కూర్చోలేకపోయాడు. చుక్క చుక్కకీ ఆమె మెడ మీద దద్దుర్ల కోసం వెతికాడు. నళిని జ్యూస్ బాటిల్ మూతతో కాసేపు తంటాలు పడి ఆయన ముందు పెట్టింది.

"తీయండి అంకుల్. నా వేళ్లు ఇంకా మాట వినట్లేదు."

ఆయన మూత తీసి, బాటిల్‌ను ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టాడు. ఆమె పట్టుకుందని తెలిసేదాకా తన చేయి తీయలేదు.