మావయ్య ఎదురుచూసిన ఊడుపు

మొన్న మంగళవారం పొద్దున్నే చోడవరం నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోయేడే" అంది. ఆ ఏడుపులోనే, "కళ్ళు తీసుకునేవోళ్ళకి కబురెట్టేను, వస్తన్నారు" అని కూడా చెప్పింది.

మావయ్య చెరకూ వరీ పండించేవాడు. కంటి వెనక పొర, రెటీనా, కొద్దికొద్దిగా ఎండిపోయే జబ్బు ఆయనది. మొదట రేచీకటి, తర్వాత పక్కచూపు పోయింది. దారిలో ఎదురైనవాళ్ళు కనిపించక పలకరించేవాడు కాదు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్ళంతా, "ఆడికి పొగరెక్కింది" అనుకున్నారు. ఆ మాట చెవిన పడ్డాక, అడుగుల చప్పుడైతే చాలు, "ఎవులు బాబూ, బాగున్నారా?" అనేవాడు. ఒకసారి గేదెనీ అడిగాడు. మేం పడీపడీ నవ్వాం. "పోన్లెండి, అదైనా నాకు పొగరనుకోదు" అన్నాడు.

విశాఖలో కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మూలకణాలతో రెటీనా కణాలు పెంచి కంట్లో నాటే ప్రయత్నాలు జరుగుతున్నాయనీ, అవింకా పరీక్షల్లోనే ఉన్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడే నయం చేసేస్తామనేవాళ్ళని నమ్మొద్దంది.

"అంటే నారు పోసేరు, ఊడుపు అవలేదన్నమాట" అన్నాడు మావయ్య. ఆవిడ నవ్వేసింది.

ఆయన కోరిక ఒక్కటే, నా కూతురి ముఖం చూడాలని. అది పుట్టేసరికే చూపు పూర్తిగా పోయింది. దాని ముక్కూ బుగ్గలూ వేళ్ళతో తడిమి, "అచ్చం మా అమ్మే" అని మురిసిపోయేవాడు. నేను ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ఒసే గుంటా, నారు ఎదిగిందేటే?" ఇంకా లేదు మావయ్యా అంటే, "సర్లే, తొందరపడి పీకితే సచ్చిపోద్ది" అనేవాడు. ఆ ఓపిక చూస్తే నాకే ఏడుపొచ్చేది.

మంగళవారం మేం చోడవరం వెళ్ళేసరికి ఆయన తమ్ముడు అత్తతో వాదిస్తున్నాడు.

"సూపు లేని కళ్ళు ఎవులికి పనికొస్తాయి వదినా?"

"పాడయింది ఎనక పొరంట. ముందున్న అద్దం బాగానే ఉందంట. తరవాతోసారి నాతో ఎల్లి, డాక్టరమ్మని ఆయనే అడిగి, సంతకం పెట్టేసొచ్చేరు" అంది అత్త.

ఆ సంగతి నాకూ తెలియదు. ఆయన నారు ఎదగనే లేదు, ఊడుపు మాత్రం ఇంకెవరి కళ్ళల్లోనో అయింది.

నిన్న చోడవరం బజారులో నా కూతురు ఎదురొచ్చే ప్రతివాళ్ళ ముందూ తలెత్తి నిలబడుతోంది. ఏమిటే అది అని కసిరాను.

"తాతయ్య కళ్ళు ఎవరికి పెట్టారో తెలీదు కదమ్మా" అంది. "అందుకని అందరికీ నా ముఖం చూపిస్తన్నాను."