దులిపేసిన పలుకులు

1996లో సిద్దిపేటలో నాకొక చిన్న మెడికల్ షాపు ఉండేది. పెద్దవాళ్ళు వాడే డైపర్లు అప్పుడప్పుడే హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నాను. అడగడానికి వచ్చినవాళ్ళకు సిగ్గు, చెప్పడానికి నాకు సిగ్గు.

మా వీధిలో బట్టలు కుట్టే సుల్తానా ఒకరోజు వచ్చి ఒకే ఒక్క డైపర్ కొంది. ఆమె అత్తకు మూత్రం ఆగదు. నాలుగు రోజుల్లో హుస్నాబాద్‌లో మనవరాలి పెళ్ళి. ఆ పిల్లను సాకి సంతరించింది ఈ ముసలమ్మే. అయినా, "నలుగుర్ల తడిస్తే ఇజ్జత్ పోతది, నేను రాను" అని మొండికేసింది.

"ఒక్కటెట్ల సరిపోతది సుల్తానా?" అన్నాను.

"ఆదికి ఒక్కటి చాలక్కా. మిగిలినయి నేనే కుడుత."

ఆది అంటే దర్జీకి కొలత కోసం ఇచ్చే బట్ట. భలే తెలివి అనుకున్నాను నేను కూడా!

రెండో రోజు మండిపడుతూ వచ్చింది. "గిదేం సరుకక్కా! కుట్లిప్పి, పొర పొర సూసి అట్లనే కుట్టిన. పరుపంత తడిసింది. అత్తమ్మ ఒకటే ఏడ్సుడు!"

కుట్టు చూస్తే వంక పెట్టడానికి లేదు. "లోపల ఇంకేం లేకుండెనా?" అని అడిగాను.

"దూదిల ఉప్పు అసొంటి పలుకులుండె. పురుగుల మందేమోనని మంచిగ దులిపి పారేసిన."

నాకు నవ్వాగలేదు. "అసలు సరుకంతా గదేనే తల్లీ!"

ఒక డైపర్ చింపి, ఆ పలుకులు గ్లాసులో వేసి నీళ్ళు పోశాను. కాసేపాగి గ్లాసు బోర్లించాను. చుక్క రాలలేదు. వాటిని సూపర్ అబ్సార్బెంట్ పాలిమర్ అంటారు. తడిని పీల్చుకుని జెల్‌గా, అంటే జున్నులా ఉబ్బిపోతాయి, మళ్ళీ వదలవు.

"యా అల్లా!" అంటూ సుల్తానా గ్లాసుతో సహా ఇంటికి పరుగెత్తింది. కాసేపటికి కోడలి చెయ్యి పట్టుకుని ముసలమ్మే వచ్చింది.

"హుస్నాబాద్ దాంక ఆపుతదా బిడ్డా?"

"ఆపుతది పెద్దమ్మా. నిండినప్పుడల్లా మార్చుకోవాలె, అంతే."

"అయితే కట్టియ్యి!"

మొదటిరోజే నేను నోరు విప్పి లోపల ఏముందో చెప్పుంటే ముసలమ్మ అంత ఏడ్చేది కాదు. ఆ తర్వాత ఎవరు డైపర్ అడిగినా ముందు గ్లాసులో చేసి చూపించాకే అమ్మాను.

పెళ్ళయ్యాక ముసలమ్మ మిఠాయి పొట్లంతో వచ్చింది. బస్సు ప్రయాణం ఎలా సాగిందని అడిగాను.

"బస్సుదేముంది బిడ్డా! సాగనంపేటప్పుడు పిల్ల వచ్చి నా ఒళ్ళె కూసున్నది, పెండ్లిబట్టల తోటి. లెవ్వుమని అనలే నేను," అంది.