రెండో పళ్లెం

నా ఉద్యోగం ఏమిటని ఇప్పుడు నేనుండే మలంచా పేటలో ఎవరైనా అడిగితే ప్రకటనలని చెబుతాను. అయితే టీవీలో కనిపిస్తావా అంటారు. కనిపించను. ఒక వస్తువు ఎవరికి అమ్మాలి, వాళ్లకి ఏం చెబితే కొంటారు అన్నది ఆలోచించి పెట్టడమే నా పని. ఏజెన్సీ హైదరాబాద్‌లో, నేను ఖరగ్‌పూర్‌లో. ఇంటి నుంచే చేసుకోవచ్చు అనగానే, పుట్టి పెరిగిన ఊరు కదా అని ఎగేసుకుంటూ వచ్చేశాను. వచ్చి చూస్తే ఏముంది? అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. నిమ్‌పురాలో మేమున్న రైల్వే క్వార్టర్‌లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. తోటివాళ్లు తలో ఊరూ పట్టుకుపోయారు. బజారుకి తీసుకెళ్లే టోటో రిక్షా అతను తప్ప రోజు మొత్తమ్మీద నాతో మాట్లాడే మనిషి లేడు.

ఆ వేసవిలో ఒక కుక్కర్ వచ్చి నా నెత్తిన పడింది. ఒక్క మనిషికి సరిపడా అన్నం వండే బుల్లి కరెంటు కుక్కర్. డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో 'ఒక్కరి కోసమే' అని ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్లు ఇంతమంది ఉండగా ఇది ఎందుకు అమ్ముడుపోవడం లేదో చెప్పమని కంపెనీవాళ్లు మా ప్రాణాలు తీశారు. సోమవారం మీటింగులో సరైన జవాబు దొరక్కపోతే వాళ్లు ఇంకో ఏజెన్సీ చూసుకుంటారు. వాళ్లు పోతే నన్నూ పంపించేయాల్సి వస్తుందని మా బాస్ చల్లగా చెప్పేశాడు.

నా పద్ధతి ఒకటుంది. కొనాల్సిన మనిషిని ఊహించుకుని, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, పైకే మాట్లాడతాను. ఆఫీసులో అయితే ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని జవాబులు చెప్పేవారు, పడీ పడీ నవ్వుకునేవాళ్లం. ఇక్కడ కుర్చీ ఖాళీ. ప్రశ్నా నాదే, జవాబూ నాదే. ఎందుకు కొనవు తల్లీ, నీకేం రోగం అని ఆ లేని ఆవిడ మీద కేకలు కూడా వేశాను. ఆవిడ నోరు విప్పితేగా!

ఆదివారం మధ్యాహ్నం అలా వాదించుకుంటూ ఉంటే తలుపు చప్పుడైంది. మేడమీద ఉండే మా ఇంటి ఓనరు, ఆంటీ. రైల్వేలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, ఒక్కతే ఉంటుంది. చర్చికి కట్టుకెళ్లిన చీర ఇంకా మార్చుకోలేదు. చేతుల్లో పెద్ద ట్రే, అందులో రెండు పళ్లాలు, రెంటిలోనూ అన్నం, కోడికూర.

"మాటలు వినబడినాయి. ఇంట్లోనే ఉన్నావు గదాని కూర తెచ్చినాను," అంది.

రెండు పళ్లాలు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. నా మాటలు విని ఎవరో చుట్టం వచ్చిందనుకుంది కాబోలు. ఎవరూ లేరని, ఖాళీ కుర్చీతో పోట్లాడుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఫ్రెండ్ వచ్చిందాంటీ, స్నానం చేస్తోంది అనేశాను. ట్రే అందుకుని, థాంక్స్ చెప్పి, తలుపు దగ్గరగా వేసేశాను. ఆంటీ కాసేపు అక్కడే ఉండి మెల్లగా మెట్లెక్కిపోయింది. ఒక పళ్లెం ముట్టకుండా వెనక్కి పంపితే దొరికిపోతానని భయం. రెండూ నేనే తిన్నాను, ఆయాసం వచ్చేలా.

తింటూ ఉండగానే జవాబు తట్టింది. లేని ఫ్రెండ్‌ని స్నానాలగదిలో కూర్చోబెట్టినదాన్ని, దుకాణంలో నలుగురి ముందూ 'ఒక్కరి కోసమే' అని రాసున్న డబ్బా పట్టుకుని నిలబడతానా? చచ్చినా నిలబడను. ముందు ఆ మాట తీసేయాలి. అనుకోకుండా ఎవరైనా వస్తే గబుక్కున వాళ్లకి విడిగా ఇంకో గ్లాసు బియ్యం పడేయడానికి ఇంట్లో ఉండాల్సిన కుక్కర్ అని అమ్మాలి. వచ్చేవాళ్లు లేనివాళ్లూ కొనుక్కుంటారు. అలాంటివాళ్లే ముందు కొనుక్కుంటారు.

సోమవారం అదే చెప్పాను. కంపెనీవాళ్లు కాసేపు గుసగుసలాడుకుని సరేనన్నారు. ఒంటరి మనుషుల్ని నీ అంత బాగా పట్టుకున్నవాళ్లు లేరని బాస్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. కంప్యూటర్ మూసేశాక ఇల్లు మళ్లీ మూగబోయింది. ఇంత మంచి కబురు చెప్పుకోవడానికి ఒక్క మనిషీ లేడే అని ఏడుపొచ్చింది.

చివరికి మిఠాయి దుకాణంలో సందేశ్ కొని, కడిగిన పళ్లాలు పట్టుకుని మేడెక్కాను. ఉద్యోగం నిలబడిందాంటీ అంటే చాలా సంతోషించింది. ఊరుకోవచ్చు కదా! ఫ్రెండ్ పొద్దున్నే వెళ్లిపోయిందనీ, కూర అద్భుతంగా ఉందని చెప్పమందనీ కలిపాను.

ఆంటీ పళ్లాలు తుడిచి లోపల పెట్టింది. నా వైపు చూడకుండానే అంది.

"గుమ్మం కాడ నీ సెప్పులే గదమ్మా ఉన్నాయి. ఒక్క జతే. ఫోన్లో మాటాడతన్నావు అనుకున్నాను. ఆ రెండో పళ్లెం నాది. నీతో కూకుని తిందామని తెచ్చినాను."

మరి నిన్న మధ్యాహ్నం మీరేం తిన్నారాంటీ అని అడగడానికి నాకు నోరు రాలేదు.