రెండో పేరు

ఆదోనిలో మా పెదనాయన మటన్ కొట్టు నడిపేవాడు. మనవరాలి ఇంగ్లీషు పాఠాలు వినీ వినీ, మొద్దు మీద ఒక్కో వేటు వేస్తూ అనేవాడు: “కత్తికి ముందర షీప్, కత్తి పడినాక మటన్. కోడికి మాత్రం బతికినా సచ్చినా చికెనే!”

ఎమ్మిగనూరులో నా మొగుడు నన్ను కొట్టి పన్ను రాలగొట్టాడని తెలిసి, ఆయన ఆ కత్తినే తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి వచ్చాడు. వాణ్ణి జుట్టు పట్టి గడప మీదికి వంచి, మెడకు కత్తి ఆనించాడు. చర్మం తెగి నెత్తురు కారింది.

“సచ్చినాక గొర్రెకు ఇంకో పేరుంది. మనిషికి లేదంట గదరా. నేను పెట్టేదా?”

పెదనాయన ఇప్పుడు లేడు. మా ఇంట్లో చికెనే వండుతాను. మటన్ అన్న మాట వినబడితే చాలు, నా మొగుడి చెయ్యి మెడ తడుముకుంటుంది.