బెత్తెడు నీళ్ల దొంగతనం

2022 ఎండాకాలం. పంజాగుట్ట ఫ్లైఓవర్ వెనక సందులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నేను ప్లంబింగ్ కన్సల్టెంట్‌ని. భవనంలో నీళ్లు ఎటు నుంచి ఎటు పోవాలో గీసి ఇచ్చేదాన్ని. అసోసియేషన్ ప్రెసిడెంట్ ప్రసాద్ గారు నన్ను పిలిచింది మాత్రం దొంగ కనెక్షన్ వెతకమని. దొంగను ఆయన ముందే తేల్చేసుకున్నారు: వాచ్‌మన్ మల్లయ్య.

"రాత్రి డాబా మీద వాల్వ్ కట్టించి, ట్యాంకులో కర్ర పెట్టి కొలుస్తున్నానండీ. పొద్దున చూస్తే బెత్తెడు తక్కువ! మూల మీద టిఫిన్ బండికి అమ్ముకుంటున్నాడు, ఇంకేంటి?"

మల్లయ్య పెళ్లాం పిల్లలతో సెల్లార్ గదిలో ఉంటాడు. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

"బిడ్డ మీద ఒట్టు మేడం, చెంబెడు సుత అమ్మలే. జర మీరన్న చెప్పుండ్రి" అన్నాడు.

ప్రసాద్ గారిని అడిగాను. "పొద్దున కొలిచేది నీళ్లు వదలడానికి వాల్వ్ తిప్పకముందా, తిప్పాకా?"

"తిప్పాకే. ఐతే ఏంటి? అప్పటికింకా ఎవరూ కుళాయి ముట్టరు కదా!"

"కుళాయి ముట్టక్కర్లేదు. పైపులు తాగుతాయి."

"పైపులు తాగుతాయా! భలేవారండీ మీరు."

పైపంటే దారి అనుకుంటారు జనం. అదీ పాత్రే, కాకపోతే సన్నగా పొడుగ్గా ఉంటుంది. వాల్వ్ కట్టాక కింది ఇళ్లవాళ్లు వాడేది పైపుల్లో నిలిచిన నీళ్లనే. అలా డౌన్‌టేక్‌లు, అంటే ట్యాంకు నుంచి కిందికి దిగే పైపులు, తెల్లారేసరికి ఖాళీ. వాల్వ్ తిప్పగానే ముందు వాటి కడుపు నిండాలి. అంగుళం పైపు మీటరుకు సుమారు అర లీటరు పడుతుంది. రెండంగుళాలదైతే ఒక లీటరు కాదు, రెండు. వెడల్పు రెట్టింపైతే నీళ్లు నాలుగింతలు. టేపు పట్టుకుని టెర్రస్ నుంచి కింది దాకా పైపులన్నీ కొలిచి కూడితే ఐదువందల లీటర్ల పైచిలుకు తేలింది. ఆ ట్యాంకులో అది సరిగ్గా బెత్తెడు.

మర్నాడు కమిటీ వాళ్లందరినీ పైకెక్కించాను. వాల్వ్ తిప్పకముందు నీళ్లు రాత్రి ఉన్న గుర్తు దగ్గరే ఉన్నాయి. తిప్పాక అందరి కళ్ల ముందే బెత్తెడు దిగాయి.

"మీరొచ్చారని రాత్రి ఊరుకున్నాడేమోనండీ" అన్నారు ప్రసాద్ గారు.

"మరి ఇప్పుడు తగ్గినవి ఎవరమ్మారు? మీరా, నేనా? నీళ్లు ఎక్కడికీ పోలేదు సార్, మీ ఇళ్లలోనే గిన్నెలు తోమాయి."

కమిటీలో ఒకావిడ, "లెక్క సరేనండీ, ఇంత రభస అయ్యాక ఆ మనిషిని ఎలా పెట్టుకుంటాం?" అంది. ఆ వారమే మల్లయ్య గది ఖాళీ చేశాడు. వాల్వ్ తిప్పకముందే కొలవండి అన్న నా సలహాను మాత్రం శ్రద్ధగా పాటించారు.

కొన్నాళ్లకు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ప్రసాద్ గారు ఎదురయ్యారు. ముఖం వెలిగిపోతోంది.

"కొత్త వాచ్‌మన్ బంగారమండీ! వాడొచ్చాక ట్యాంకులో వేలెడు కూడా తగ్గట్లేదు. చూశారా, నేనన్నది నిజమేగా?"

వాల్వ్ తిప్పకముందు కొలిస్తే ఎవరున్నా తగ్గదు; నా సలహాతోనే మల్లయ్యను మళ్లీ దొంగను చేశారు. అప్పట్నుంచి ఇలాంటి పని ఒప్పుకునే ముందు ఒకటి అడుగుతున్నాను: "తప్పు మీదేనని తేలితే ఏం చేస్తారు?" చాలామంది ఇంకో కన్సల్టెంట్‌ని చూసుకున్నారు.