మాగాయ ముక్కల జప్తు

శనివారం ఉదయం పదిన్నర ప్రాంతంలో, మేము లోపల కాఫీ తాగుతున్న పది నిమిషాల్లో, కారిడార్‌లో ఎండబెట్టిన మా మామిడి ముక్కలను ఎత్తుకుపోయారు. దొంగలు కాదు. దొంగలైతే కాస్త గౌరవంగా ఉండేది. ఆ ముక్కలకు విలువ ఉందని వాళ్లకైనా తెలిసిందనుకునేవాళ్లం. ఎత్తుకుపోయింది మా బ్లాకుల ఆలనా పాలనా చూసే కార్యాలయం పంపిన శుభ్రతా బృందం. చాప, చాప మీద పరిచిన నా భార్య పాత నూలు చీర, చీర మీద ముక్కలు, కాకులు వాలకుండా పక్కన తెరిచి పెట్టిన నల్ల గొడుగు, అన్నిటినీ చుట్టచుట్టి పట్టుకెళ్లారు. అవి ఉన్నచోట గోడకు ఒక కాగితం అంటించారు. 'వదిలివేసిన వస్తువులు తొలగించడమైనది' అని అందులో నాలుగు భాషల్లో ఉంది.

మొదట చూసింది పక్కింటి ఆంటీ. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే బయటికి వెళ్లి, అలాగే వెనక్కి వచ్చింది.

"తమ్ముడూ, మన మాగాయేదీ?"

"అక్కడే ఉంది కదా ఆంటీ."

"ఏటున్నాది? కాయితం ఉన్నాది. సుదా! అంతా ఎల్లిపోనాది."

సుదా అన్నది మలయ్ మాట. అయిపోయింది అని అర్థం. ఆంటీ నోట ఆ మాట వస్తే ఇక అప్పీలు లేనట్టే.

మేము ఆ ఎనిమిదో అంతస్తుకు ఎలా చేరామో చెప్పాలి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు మతి పోతుందని లోకమంతా భయపడుతున్న రోజులవి. నా భార్యకు ఒక పాతకాలపు కంప్యూటర్ భాష వచ్చు. దాన్ని చూసి నవ్విన కుర్రకారు నోరు మూసుకునేలా, సింగపూర్‌లో ఒక కంపెనీ ఆమెను విమానం టికెట్టు పంపి మరీ పిలిపించుకుంది. ఇరవై రెండేళ్లు ఒక తెలుగు దినపత్రికలో ఇతరుల రాతలు దిద్దిన నేను, జీతం లేని సెలవు పెట్టి ఆమె వెనక వచ్చాను. ఇక్కడి వాళ్లు నాకిచ్చిన కార్డు మీద 'ఆధారపడిన వ్యక్తి' అని అచ్చేశారు. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అయినా, దానికి ఫొటో, ముద్ర ఉండటం అదే మొదలు.

హౌగాంగ్‌లో మా చుట్టుపక్కల ఫ్లాట్లలో గదికి నలుగురు చొప్పున కంప్యూటర్ పనులకు వచ్చిన తెలుగు కుర్రాళ్లుండేవారు. బస్టాపులో కనిపిస్తే వాళ్లడిగే మొదటి ప్రశ్న, "సార్, మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తారు?" పత్రిక అంటే, "ఆన్‌లైనా సార్?" అనేవారు. కాగితం మీద అంటే జాలిగా చూసి, "ఇప్పటికైనా జావా నేర్చుకోండి సార్, ఏజ్‌దేముంది" అని ధైర్యం చెప్పేవారు.

మా బ్లాకులో లిఫ్టు మొదటి అంతస్తులో, అయిదులో, తొమ్మిదిలో మాత్రమే ఆగుతుంది. మిగిలిన అంతస్తుల వాళ్లు ఏం పాపం చేశారో ఎవరూ చెప్పరు. మేము తొమ్మిదికి వెళ్లి ఒక అంతస్తు దిగాలి. సంచులు మోసుకుని ఇంటికి దిగి రావడం నాకిప్పటికీ అలవాటు కాలేదు. లిఫ్టులో నోటీసులే నోటీసులు. ఉమ్మకండి. బంతాట ఆడకండి. పూలకుండీలో నీళ్లు నిలవనీయకండి. ఇక్కడ మూత్ర విసర్జన చేస్తే లిఫ్టు తనంతట తానే ఆగిపోయి మిమ్మల్ని పట్టిస్తుంది. వీటన్నిటి నడుమ, పొరుగువారిని చూసి చిరునవ్వు నవ్వండి. ఈ వరసలో చదువుకుంటూ వచ్చినవాడికి నవ్వు ఎలా వస్తుందని వాళ్ల ఉద్దేశమో తెలియదు.

మా పక్కింటి ఆంటీ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాడట. ఆమె పుట్టింది, పెరిగింది, ఒక బడి క్యాంటీన్‌లో వండి రిటైరయింది, అంతా ఇక్కడే. తెలుగు చదవలేదు. చెవిన పడ్డ తెలుగును మాత్రం అలాగే దాచుకుంది. అందులో తమిళం, మలయ్ కొంచెం కలిశాయి, మాటల చివర ఇక్కడివాళ్ల 'లా' అనే తోక ఒకటి చేరింది, అంతే. భర్త లేడు, కూతురు పెర్త్‌లో. ఒంటరిగా ఉంటుంది.

ఆంటీకి అవతలి పక్క, కారిడార్ చివరి ఇంట్లో ఒక చైనీస్ అంకుల్. ఒకప్పుడు బస్సు నడిపేవాడు. ఆ రెండిళ్ల స్నేహం ఇరవై ఏళ్ల నాటిది. దీపావళికి ఇటు నుంచి మురుకులు, వాళ్ల కొత్త సంవత్సరానికి అటు నుంచి కమలాపళ్లు. అన్నిటికంటే ముఖ్యం, ఆంటీ ఇంటి రెండో తాళంచెవి అంకుల్ ఇంట్లో గుమ్మం పక్క మేకుకు వేలాడుతుండేది. మేము రాకముందు ఒకసారి ఆంటీ స్నానాల గదిలో జారిపడితే, పొద్దున్నే రేడియో మోత వినిపించలేదని అనుమానం వచ్చి, ఆ తాళంచెవితో తలుపు తీసి ఆమెను ఆస్పత్రికి చేర్చింది ఆయనే. ఈ కథ ఆంటీ మాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, "ఆ మేకే నాకు ఇన్సూరెన్సు లా" అనేది.

ఇంత మంచి అంకుల్‌తో నాకున్న పేచీ ఒక్కటే. ఆయన ఏ వస్తువునూ పారేయడు. కారిడార్‌లో ఆయన గుమ్మం నుంచి మెట్ల దాకా మూడు సైకిళ్లు, చేపలు లేని చేపల తొట్టి, పాత పేపర్ల కట్టలు, పని చేయని ఒక ఫ్రిజ్. మెట్లు అటే ఉన్నాయి. రోజుకు రెండుసార్లు ఒక సైకిల్ పెడల్ నా కాలి ఎముకను పలకరించేది. మొదట్లో నేను అంకుల్‌ని చూసి నవ్వేవాణ్ణి, నోటీసులో చెప్పినట్టు. ఒకరోజు మరీ గట్టిగా తగిలింది. ఆ మధ్యాహ్నమే నా భార్య కంప్యూటర్ ముందు కూర్చుని, బ్లాకుల కార్యాలయానికి ఈ-మెయిల్ రాశాను.

బాగా రాశాననే అనుకున్నాను. నిర్ధారణ కాకుండా, అవతలి మనిషి వాదన వినకుండా ఎవరి పేరూ వేయకూడదన్నది మా డెస్కులో మొదటి పాఠం. అందుకని అంకుల్ ఊసెత్తలేదు. ఇంటి నంబరు ఇవ్వలేదు. సైకిల్ అని కూడా అనలేదు. 'ఎనిమిదో అంతస్తు కారిడార్‌లో కొన్ని వస్తువులు రాకపోకలకు అడ్డుగా ఉన్నాయి' అని రాసి, ఫర్దర్‌మోర్ అంటూ అగ్నిప్రమాదం వస్తే ఏమవుతుందో ఒక పేరా పెట్టాను. ఒక్క నిమిషంలో జవాబు వచ్చింది, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని. నిమిషంలో విలువ కట్టారంటే అది యంత్రమేనని అర్థమైంది. ఆ తర్వాత ఆరు వారాలు ఏమీ జరగలేదు. నేనూ మరిచిపోయాను.

ఈలోగా మామిడికాయలు వచ్చాయి. నా భార్య ఇండియా కొట్లలో పుల్లని కాయలు ఏరి, బస్సులో తెచ్చి, తొమ్మిదో అంతస్తు నుంచి కిందికి మోసుకొచ్చింది. చెక్కు తీస్తుంటే ఆ వాసనకు ఆంటీ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"మా పాట్టి పెట్టేది పిల్లా ఇది. ఆమె పోయినాక మల్లీ నాలిక మీద ఎయ్యలేదు."

పాట్టి అంటే తమిళంలో అవ్వ. ఆ రోజు నుంచి మాగాయ ఇద్దరిదీ అయింది. ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు జాడీలో ఊరనిచ్చి, నాలుగో రోజు ముక్కలను ఊటలోంచి పిండి తీసి ఎండబెట్టాలి. ఇక్కడే వచ్చింది చిక్కు. వంటింటి వైపు బట్టలారేసే వెదురు గడలున్నాయి కానీ ఎండ లేదు. ఎండ ఉదయం పూట కారిడార్‌లోకి వస్తుంది, అదీ ఆంటీ గుమ్మం ముందు. అక్కడ చాప వేశాం. ఆంటీ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. సూర్యుడు జరిగితే ఆమె చాప జరిపేది. అంకుల్ వచ్చి, వంగి వాసన చూసి, తుమ్మి, చాలా ఘాటని నవ్వి వెళ్లాడు. ఆ తుమ్మును తర్వాత సాక్ష్యం కింద వాడతారని పాపం ఆయనకేం తెలుసు?

అదే వారం లిఫ్టులో కొత్త నోటీసు పడింది. శనివారం కారిడార్లలో వదిలేసిన సామాను తొలగిస్తామని. నేను చదవలేదు. ఇరవై రెండేళ్లు అచ్చు కాగితం చదివి బతికినవాడికి జీతం లేకుండా చదవబుద్ధి కాదు. నా భార్య చదివింది. మామిడి ముక్కలు సామాను కిందికి వస్తాయని ఆమెకు తోచలేదు. నాకూ తోచేది కాదు. అంకుల్ మాత్రం చదివి, శనివారం తెల్లవారుతూనే సైకిళ్లూ, తొట్టీ, పేపర్లూ ఇంట్లోకి లాగేసుకున్నాడు. ఫ్రిజ్ కదల్లేదు. దానిలో చెప్పులు, బూట్లు సర్దిపెట్టాడు. అధికారి తలుపు తీసి చూసి, చెప్పుల బీరువాకు అనుమతి ఉంది కాబట్టి, సరేనని రాసుకుని ముందుకు నడిచాడట. నాలుగడుగుల దూరంలో, మనిషి లేని ఖాళీ కుర్చీ, తెరిచిన గొడుగు, వాటి పక్కన మా మాగాయ. కాఫీకి పిలిచింది నేనే.

మధ్యాహ్నానికి సైకిళ్లు యథాస్థానానికి వచ్చేశాయి. అవి చూసి ఆంటీ లెక్క పూర్తిచేసింది.

"సూసినావా తమ్ముడూ! ఆడి సామానొక్కటీ పోనేదు. ఎలాగ పోనేదు? ఆడే కంప్లైంట్ రాసినాడు లా. ముందే తెలుసు గనక లోపల ఎట్టుకున్నాడు. మొన్న తుమ్మినాడు కాదా?"

"నోటీసు చూసి పెట్టుకుని ఉంటాడు ఆంటీ."

"నువ్వు సూడనేదు, నాను సూడనేదు. ఆడొక్కడే సూసినాడా?"

ఆ సాయంత్రం ఆమె అంకుల్ తలుపు కొట్టి చెయ్యి చాపింది. ఆయనకు చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మేకు మీది తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆమె సరాసరి మా ఇంటికి వచ్చి దాన్ని నా చేతిలో పెట్టింది.

"నువ్వు పగలంతా ఇంట్లోనే ఉంటావు. మనోడివి. నీకాడ ఉండనీ."

సోమవారం నాకు ఈ-మెయిల్ వచ్చింది. ఎనిమిదో అంతస్తు గురించి నేను చేసిన ఫిర్యాదు మీద శనివారం తగు చర్య తీసుకున్నామని, వారి సేవ తృప్తికరంగా ఉందో లేదో అయిదు గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టమని. రెండుసార్లు చదివాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఫిర్యాదు నాదేనని.

సాయంత్రం నా భార్యకు చెప్పాను. ఆమె బ్యాగు కింద పెట్టకుండా విన్నది.

"ఏవండీ, సైకిల్ తగిలితే సైకిల్ అని రాయొచ్చు కదా?"

"ఒకరి మీద వేలు చూపించినట్టుంటుందని..."

"ఇప్పుడు చూపించారుగా, మన జాడీ మీద. వెళ్లి చెప్పండి ఆవిడకి."

ముందు అంకుల్ దగ్గరికి వెళ్లాను, అది తేలికనుకుని. ఆయన ఫ్రిజ్‌లోంచి చెప్పులు తీసుకుంటున్నాడు. నేను గొంతు సవరించుకునేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన ఇంగ్లీషు బస్సు టికెట్లలా చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. తెలుగులో చెప్పుకుంటే ఇంతే:

"తెలుసు లా. శనివారం ఆఫీసరు నాకు ఒక లైను చదివాడు. ఫర్దర్‌మోర్ అంటా! ఈ బ్లాకులో ఎవరు రాస్తారు అలాగ?"

"మరి ఆంటీకి చెప్పలేదేం?"

"నేనెందుకు చెప్పాలి? ఉత్తరం నీది. నువ్వు చెప్పు."

ఆయన వెనక గోడకు మేకు ఖాళీగా ఉంది.

ఆ తర్వాత మూడుసార్లు ఆంటీకి చెప్పబోయాను. మొదటిసారి ఆమె, "మాకన్ అయ్యిందా తమ్ముడూ?" అని భోజనం సంగతి అడుగుతూ చేపల పులుసు గిన్నె చేతిలో పెట్టింది. రెండోసారి అంకుల్‌ను తిట్టడం మధ్యలో ఉంది, ఆపడం మర్యాద కాదనిపించింది. మూడోసారి ముక్కలు పోయిన జాడీలో మిగిలిన ఊటను నా భార్య ఆమెకు సగం పంపింది. అది పట్టుకెళ్లింది నేనే. ఆంటీ వేలితో నాకి, కళ్లు మూసుకుని, "ఉప్పు సరిగ్గా సరిపోనాది" అంది. అప్పుడు ఎలా చెప్పను?

వాళ్ల కొత్త సంవత్సరం వచ్చి వెళ్లింది. అంకుల్ కమలాపళ్లు ఆంటీ గుమ్మం ముందు పెట్టి వెళ్లాడు. ఆమె తీయలేదు. రెండు రోజుల తర్వాత శుభ్రతా బృందం తీసింది. మాటలు లేకపోయినా, పొద్దున్నే అంకుల్ తన గుమ్మంలో నిలబడి, ఆంటీ రేడియో మోగేదాకా ఉండి, అప్పుడు లోపలికి వెళుతుంటాడు. ఇప్పుడు రేడియో మోగకపోతే ఆయన తలుపు కొట్టగలడు. అంతే.

లోకం అనుకున్నట్టు కంప్యూటర్లకు మతి పోలేదు. నా భార్య పని మాత్రం పోకుండా వుడ్‌ల్యాండ్స్‌లో ఉన్న మరో ఆఫీసుకు మారింది. వచ్చే నెల మేమూ అక్కడికి మారుతున్నాం. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగే బ్లాకు. అక్కడి నుంచి హౌగాంగ్‌కు రెండు బస్సులు మారాలి. ఆంటీ తాళంచెవి మా గుమ్మం పక్కనే ఉంది. దాన్ని ఎవరికివ్వాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. బ్లాకుల కార్యాలయం వారి అయిదు గడులు ఇంకా నింపలేదు. జవాబు రాలేదని వాళ్లు నిన్న మళ్లీ గుర్తుచేశారు.