మూడుసార్లు అడిగే ఆపా

సౌదీలోని అల్ ఖోబర్‌లో ప్రతి శుక్రవారం ఆడపిల్లలకు ఖురాన్ చెప్పే పెద్దావిడది మా కడపే. అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. ఏదైనా మూడుసార్లు అడిగేది. అడిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, జవాబు వచ్చేదాకా కాచుకునేది.

"నిఖాకైనా అంతే" అనేది. "పిల్ల గమ్మునుంటే ఒప్పుకున్నట్టే అంటారు. సిగ్గుతో గమ్మునుండేది వేరే, భయంతో గమ్మునుండేది వేరే. నోరు తెరిచి చెప్పేదాకా అడగల్ల. అది అల్లా మనకిచ్చిన హక్కు."

నాకు సంబంధం కుదిర్చినప్పుడు, ఇష్టం లేదని ఆమెకొక్కదానికే చెప్పాను. "నిఖాలో నిన్ను అడిగేది నేనే కదా. అప్పుడు చెప్పు, నేను చూసుకుంటా" అంది. నమ్మాను.

నిఖా రోజు నాన్న, సాక్షులు మా గది తలుపు బయట నిలబడ్డారు. ఆపా నా పక్కన కూర్చుని, "ఒప్పుకున్నావామ్మా?" అని అడిగింది. నా కళ్లు తలుపు వైపు పోయాయి. రెండోసారి అడగ్గానే లేదని చెప్పేద్దామని ఆమె ముఖంలోకి చూశాను. ఆ చెయ్యి గడ్డం కిందికి పోలేదు.

తలుపు వైపు తిరిగి, "ఒప్పుకునింది" అంది.

మరుసటి శుక్రవారం మా చెల్లెల్ని ఖురాన్‌లోని ఏదో సూరా చెప్పమని అడిగిందట. మూడుసార్లు. చెల్లెలికి గుర్తు రాలేదు. అయినా కాచుకుందట.